ఉత్తరకుమారుడు పగ్గాలు పట్టిన రోజు: హీరోలో బలహీనతనీ ధైర్యాన్నీ కలిపి రాయడం ఎలా

ఉత్తరకుమారుడి పేరు చెప్పగానే మనకి ప్రగల్భాలే గుర్తొస్తాయి. చేతకాని గొప్పలు ఎవరు చెప్పినా ఆయన పేరే తగిలిస్తాం, అక్కడితో ఆయన్ని వదిలేస్తాం. కానీ విరాటపర్వం చివరిదాకా చదివితే ఆ పిల్లాడు ఇంకోలా కనపడతాడు.

కౌరవులు ఆవుల్ని తోలుకుపోయారు, తండ్రి విరాటరాజు సైన్యంతో, ఇంకోవైపు దాడి చేసిన సుశర్మ మీదకి వెళ్లిపోయాడు, ఊళ్లో మిగిలింది ఈయనే. అంతఃపురంలో ఆడవాళ్ల ముందు నిలబడి "మంచి సారథి దొరకాలేగానీ" అని మొదలుపెట్టాడు, బృహన్నల సారథిగా వచ్చేసరికి ఇక తప్పక వెళ్లాడు, ఎదురుగా కురుసేనని చూడగానే రథం దూకి పరిగెత్తాడు. అర్జునుడు వెంటపడి పట్టుకుని తీసుకొచ్చి, జమ్మిచెట్టు ఎక్కించి ఆయుధాలు దింపించి, పగ్గాలు చేతికిచ్చాడు. ఎదురుగా భీష్ముడు, ద్రోణుడు, కర్ణుడు ఉన్న ఆ యుద్ధంలో రథం తోలింది ఈ పారిపోయిన కుర్రాడే. ఇదంతా మనకి కొంచెం తెలిసిన కథే. నాకు ఇష్టమైంది ఆ తర్వాత జరిగేది. ఊరంతా జయజయధ్వానాలు, తండ్రి సభలో కొడుకుని పొగుడుతూ మురిసిపోతున్నాడు, అంతవరకూ గొప్పలే చెప్పిన ఉత్తరుడు అక్కడ నిలబడి, ఆవుల్ని గెలిచింది నేను కాదు, ఎవరో దేవపుత్రుడు గెలిచాడు, భయంతో పారిపోతున్న నన్ను ఆపింది కూడా ఆయనే అని చెప్పేస్తాడు.

గొప్పలు చెప్పుకునేవాడికి అన్నిటికంటే కష్టమైన పని అదే కదా. యుద్ధానికి వెళ్లడం కంటే, నిండు సభలో "నేను పారిపోయాను" అనడం ఉత్తరుడికి పెద్ద సాహసం. ధర్మరాజు అదే మాట అంటే మనం పట్టించుకునేవాళ్లం కాదు. నేను చెప్పాలనుకున్నదంతా ఇక్కడే ఉంది: హీరో ధైర్యం సరిగ్గా వాడి బలహీనత ఉన్న చోటే పుట్టాలి, పక్కన ఇంకెక్కడో పుడితే అది అతికించినట్టు ఉంటుంది.

కథలు, నవలలు, ఆన్‌లైన్ సీరియల్స్ రాసేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది "హీరోని ఎంత వీక్‌గా చూపించాలి, ఎంత స్ట్రాంగ్‌గా చూపించాలి, డెబ్భై ముప్పై సరిపోతుందా" అని. ఇది ఉప్పూ కారం కొలత కాదండీ. ఒక్కో మెట్టుగా చెప్తాను, మధ్యలో ఒక పాత్రని తీసుకుని మొదట్నుంచి చివరిదాకా కడదాం.

మొదటి మెట్టు: బలహీనతని పనిగా రాయండి

చాలామంది క్యారెక్టర్ నోట్స్‌లో "కోపిష్టి కానీ మనసు వెన్న", "కొంచెం సిగ్గరి", "తొందరపాటు ఎక్కువ" అని రాసుకుంటారు. ఇవి బలహీనతలు కావు, పెళ్లిచూపుల్లో చెప్పే మాటలు. వీటివల్ల కథలో ఎవరికీ ఏమీ పోదు. హీరో కోపం ఎప్పుడూ విలన్ మీదే వస్తుంటే, హీరోయిన్ సిగ్గు వల్ల ఆమె ఇంకా అందంగానే కనపడుతుంటే, అది అలంకారం.

నేను వాడే పరీక్ష ఒకటే. ఈ లక్షణం వల్ల ఎవరికి ఏం నష్టం జరిగింది? ఒక మనిషి పేరు, ఒక నష్టం రాయలేకపోతే ఆ బలహీనతని తీసేసి ఇంకోటి వెతుక్కోండి.

మనం కట్టబోయే పాత్ర శ్రీను, తెలంగాణలో ఒక పల్లెలో కరెంటు లైన్‌మన్. బలహీనత మొహమాటం. మన తెలుగువాళ్ల ఇళ్లల్లో దీనికంటే ఎక్కువ నష్టం చేసిన గుణం ఇంకోటి ఉండదేమో, మొహమాటానికి జామీను సంతకాలు పెట్టి పొలాలు పోగొట్టుకున్నవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు, అయినా దాన్ని మనం మంచితనం అనే పిలుస్తాం. సరే, "శ్రీనుకి మొహమాటం" అని రాసి ఆగకూడదు. పొద్దున ఆరింటికి ఎవరైనా ఫోన్ చేస్తే వాడేం చేస్తాడు? "వస్తున్నా" అంటాడు. ఆరుంబావుకి ఇంకొకరు చేస్తారు. వాళ్లకీ "వస్తున్నా" అంటాడు. ఏడింటికి ఇద్దరి దగ్గరా ఉండాలి. ఇలా రాస్తే లక్షణం కదలడం మొదలవుతుంది.

ఇక నష్టం. కరెంటు పనిలో ఎల్‌సీ అని ఉంటుంది, లైన్ క్లియర్. సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్‌కి చెప్పి లైన్ ఆపించుకుని, ఆయన సరే అన్నాకే స్తంభం ఎక్కాలి. దానికి టైం పడుతుంది. బోరు మోటర్లు ఆగిపోయి వరి పొట్టకొచ్చిన టైంలో ఎండుతుంటే రైతు ఆ టైం ఇవ్వడు. ఇద్దరు రైతులకి ఒకేసారి మాటిచ్చిన శ్రీను ఒక చోటికి తను వెళ్లి రెండో చోటికి తనతో తిరిగే హెల్పర్ కుర్రాణ్ణి పంపాడు, ఎల్‌సీ లేకుండా. ఆ కుర్రాడి కుడిచెయ్యి పోయింది.

ఇప్పుడు మొహమాటం అంటే ఏంటో చదివేవాడికి తెలుస్తుంది.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. శరీరంలో ఉన్న లోటుని బలహీనతగా వాడకండి. నా మొదటి నవలలో హీరోకి నత్తి పెట్టాను, ఇరవయ్యో చాప్టర్‌లో వాడు స్టేజీ ఎక్కి గడగడా మాట్లాడేశాడు, నేను చాలా గొప్పగా రాశాననుకున్నాను. మా పెద్దమ్మ కొడుక్కి నత్తి ఉంది. అన్నయ్య ఆ డ్రాఫ్ట్ మొత్తం చదివి, కాసేపు ఊరుకుని, "వాడికి ఎలా పోయిందిరా, నాకూ చెప్పు" అన్నాడు. ఆ రోజు నేనేం సమాధానం చెప్పలేకపోయాను. నత్తి అన్నయ్య బలహీనత కాదు, అది ఆయన గొంతు తీరు. పాత్ర లోపం అంటే ఆ మనిషి ఎంచుకునేది, ఎంచుకోకుండా ఉండగలిగీ మళ్లీ మళ్లీ ఎంచుకునేది.

రెండో మెట్టు: అదే వేరునుంచి బలాన్ని తియ్యండి

బలహీనత ఒక సంచిలో, బలం ఇంకో సంచిలో పెట్టి హీరో భుజాల మీద చెరోటి వేలాడదీస్తే పాత్ర నడవదు. రెండూ ఒకే వేరునుంచి రావాలి. కర్ణుడిని చూడండి. ఇంద్రుడు బ్రాహ్మణ వేషంలో కవచకుండలాలు అడగడానికి వస్తాడని సూర్యుడు ముందే హెచ్చరించాడు. అయినా ఇచ్చేశాడు. అడిగినవాడికి లేదనకపోవడం ఆయన గొప్పతనం, దాత అన్న పేరు పోతుందేమో అన్న ఆరాటం ఆయన బలహీనత, రెండింటినీ కత్తితో విడదీయడం ఎవరివల్లా కాదు.

కర్ణుడి దగ్గర నేర్చుకోవాల్సింది ఇంకోటి కూడా ఉంది. పుట్టుకలో ఆయనకి జరిగిన అన్యాయం అంతా చెప్పిన భారతం, నిండు సభలో ద్రౌపదిని ఆయన అన్న మాటల్ని మాత్రం చెరిపెయ్యలేదు. ఇప్పటి కథల్లో హీరో తప్పు చెయ్యగానే ఒక ఫ్లాష్‌బ్యాక్ పెట్టి, చిన్నప్పుడు నాన్న కొట్టాడు కాబట్టి అని కడిగేస్తున్నారు. కారణం చెప్పండి, తప్పులేదు. కానీ కారణం చెప్పి తప్పుని మాఫీ చెయ్యకండి.

శ్రీను విషయానికొస్తే వాడి వేరు ఏంటి? ఎదుటివాడి మొహం చిన్నబోతే చూడలేడు. ఇదొక్కటే. దీనివల్లే కాదనలేడు. దీనివల్లే ఊళ్లో ఏ ఇంట్లో ముసలావిడ ఒంటరిగా ఉంటోందో, ఏ ఇంట్లో పిల్లాడికి పరీక్షలో వాడికి తెలుసు, మీటర్ చూడ్డానికి వెళ్లినవాడు కాలిపోయిన స్విచ్ చూసి అడక్కుండానే మార్చి వస్తాడు. వేరు ఏంటో చెప్పే ఇలాంటి ఒక్క వాక్యం మీ పాత్రకి రాయగలిగేదాకా మూడో మెట్టు ఎక్కకండి. నేనైతే ఒక్కోసారి ఈ ఒక్క వాక్యం మీద రెండు వారాలు కూర్చున్నాను.

మూడో మెట్టు: పనితనం ఇవ్వండి

ఇది చిన్నదే కానీ చాలామంది మర్చిపోతారు. బలహీనుడితో పాఠకుడు మూడొందల పేజీలు నడవాలంటే వాడికి ఏదో ఒక పని బాగా రావాలి. శ్రీను ట్రాన్స్‌ఫార్మర్ మోత విని లోడ్ ఎక్కువైందో లేదో చెప్తాడు. చీకట్లో, వానలో, ఏ స్తంభం మీద ఏ జంపర్, అంటే తీగల్ని కలిపే ముక్క, లూజుగా ఉందో గుర్తుంటుంది. పని చేసేటప్పుడు వాడి చేతులు తడబడవు, మనుషులతో మాట్లాడేటప్పుడే తడబడతాడు. ఈ తేడా చూపిస్తే చాలు, వాడి మీద జాలి కాకుండా గౌరవం వస్తుంది. జాలితో పాఠకుడు పది పేజీలు వస్తాడు, గౌరవం ఉంటే చివరిదాకా వస్తాడు.

అసలు హీరోయిజమే లేని ముఖ్యపాత్రలు మనకి ఉన్నాయి, గొప్పవే ఉన్నాయి. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లో సీతారామారావు, రావిశాస్త్రి 'అల్పజీవి'లో సుబ్బయ్య. అక్కడ రచయితలు బలహీనతనే కథావస్తువుగా తీసుకున్నారు, మనిషి లోపలికి దిగి చూడ్డమే ఆ నవలల పని. మీరు రాస్తున్నది ఆ రకమా, లేక చివరికి లేచి నిలబడే మనిషి కథా అన్నది ముందే తేల్చుకోండి. సగం దూరం వెళ్లాక మనసు మార్చుకుంటే రెండూ చెడతాయి.

నాలుగో మెట్టు: మధ్యలో మెట్లు కట్టండి

మొదటి చాప్టర్‌లో పిరికివాడు, చివరి చాప్టర్‌లో వీరుడు, మధ్యలో ఏం జరిగిందో ఎవరికీ తెలీదు. నేను చదివిన డ్రాఫ్టుల్లో ఎక్కువగా కనపడే తప్పు ఇదే. మధ్యలో కనీసం మూడు నాలుగు సందర్భాలు కావాలి, వాటిల్లో హీరో ఓడిపోవాలి కూడా.

శ్రీనుకి నేనిలా కడతాను. కుర్రాడి చెయ్యి పోయిన నెలకి, ఒక చిన్న కోరిక వస్తుంది, ఎవరో దొంగ కనెక్షన్ చూసీ చూడనట్టు ఉండమంటారు, శ్రీను తలూపేస్తాడు. అంటే ఆ దెబ్బ తర్వాత కూడా మారలేదు. పాఠకుడికి కోపం రావాలి ఇక్కడ. తర్వాత ఒకసారి కాదనలేక, కాదనే ధైర్యం లేక, ఫోన్ స్విచాఫ్ చేసి చెరువు గట్టు మీద కూర్చుంటాడు. ఇది సగం గెలుపు, కానీ దొంగచాటు గెలుపు. ఆ తర్వాత కుర్రాడి ఇంటికి వెళ్తాడు. వాళ్లమ్మ తిట్టదు, మంచినీళ్లిస్తుంది, ఆ కుర్రాడు ఎడంచేత్తో సంతకం నేర్చుకుంటున్న నోట్‌బుక్ చూస్తాడు. ఏమీ మాట్లాడలేక వచ్చేస్తాడు. ఇంటికొచ్చాక అద్దం ముందు నిలబడి "ఎక్కను" అని అనుకుని చూసుకుంటాడు.

చూశారు కదా, ఇందులో ఒక్కటీ ఫైట్ కాదు. కానీ ప్రతి సీన్‌లోనూ ప్రశ్న ఒకటే, ఈసారైనా కాదంటాడా. ఆ ప్రశ్న మారకూడదు. మధ్యలో శ్రీనుకి ఈత రాదు, చీకటంటే భయం అని కొత్తవి తగిలించకండి, ఒక్క గుణాన్నే లోతుకి తవ్వండి.

ఆన్‌లైన్‌లో సీరియల్ రాసేవాళ్లకి ఇక్కడ ఒత్తిడి ఎక్కువ. "హీరో మరీ మెతకగా ఉన్నాడు, ఎప్పుడు మారతాడు" అని నాలుగో ఎపిసోడ్ నుంచే కామెంట్లు వస్తాయి, తట్టుకోలేక ఐదో ఎపిసోడ్‌లో హీరోతో నలుగుర్ని కొట్టించేస్తారు. దయచేసి ఆ పని చెయ్యకండి. ఓడిపోయే ఎపిసోడ్‌లోనే మూడో మెట్టులో చెప్పిన పనితనం సీన్ ఒకటి పెట్టండి, పాఠకులు ఆగుతారు.

ఐదో మెట్టు: పెద్ద సీన్

సర్పంచ్ ఇంట్లో పెళ్లి, రాత్రి, గాలివాన, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజ్ పోయింది. ట్రాన్స్‌ఫార్మర్‌కి వచ్చే కరెంటు ఆపే ఏబీ స్విచ్ తుప్పుపట్టి కదలట్లేదు, అంటే సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ తీసుకుంటే తప్ప చెయ్యి పెట్టకూడదు. ఫోన్‌కి సిగ్నల్ లేదు. ఊరంతా చుట్టూ నిలబడి ఉంది.

కొత్తగా రాసేవాళ్లు ఇలా రాస్తారు:

"శ్రీను ఒక్కసారిగా తలెత్తాడు. అతని కళ్లు నిప్పులు కురిశాయి. 'ఒక ప్రాణం విలువ మీకు తెలుసా? మీ పెళ్లి కోసం ఇంకొకడి చెయ్యి పోవాలా? ఎక్కను!' అని సింహంలా గర్జించాడు. ఊరంతా సిగ్గుతో తల దించుకుంది."

ఇందులో శ్రీను ఎక్కడున్నాడు? వాడి నోట్లో ఇన్ని మాటలు ఎప్పుడు పుట్టాయి? బలహీనతని తీసేసి ధైర్యం తగిలించారు, మనిషి మారిపోయాడు, ఇతను ఇంకెవరో. పైగా ఊరు వెంటనే తల దించుకుంటే వాడు కాదన్నందుకు చెల్లించిన ఖరీదు ఏముంది?

ఇదే సీన్ ఇంకోలా:

"మల్లేశం మామ దగ్గరకొచ్చి భుజమ్మీద చెయ్యేశాడు. చిన్నప్పుడు జాతరకి ఎత్తుకుపోయిన చెయ్యి అది.

'సీనూ, పెళ్లిపిల్ల చీకట్ల కూసున్నదిరా. ఒక్క ఫ్యూజే గద.'

శ్రీను ఆయన మొహం వైపు చూళ్లేదు. చూస్తే ఎక్కేస్తానని తెలుసు. నిచ్చెన స్తంభం మీంచి తీసి, బురదలో అడ్డంగా పడేసి, దాని మీద కూచున్నాడు.

'ఎక్క, మామా.'

గొంతులోంచి సగమే వచ్చింది.

'ఏందీ?'

'ఎల్‌సీ రాంది ఎక్క. ఎవర్నీ ఎక్కనియ్య.'

వెనకనుంచి ఎవరో తల్లి పేరెత్తి తిట్టారు. శ్రీను రెండు చేతులూ మోకాళ్ల మధ్య దోపుకున్నాడు, వణుకు కనపడకుండా. భుజమ్మీది చెయ్యి కాసేపుండి, లేచిపోయింది. ఆ చోట చల్లగా తగిలింది వాన."

రెండోదాంట్లో వాడికి మొహమాటం అలాగే ఉంది, మొహం చూడకపోవడమే దానికి సాక్ష్యం. కానీ ఆ మొహమాటాన్ని మోస్తూనే కాదన్నాడు. లేచి నిలబడి అరవాల్సిన చోట కూచున్నాడు, ఎందుకంటే నిచ్చెన మీద కూచుంటే ఇంక ఎవరూ దాన్ని తీసుకోలేరు, తను కూడా. ఈ చిన్న పని వాడి తెలివి నుంచి, వాడి భయం నుంచి, రెండింటినుంచీ వచ్చింది. మీ పెద్ద సీన్‌లో కూడా మాటలు తగ్గించి ఇలాంటి ఒక్క పని వెతకండి.

ఇంకో జాగ్రత్త. ఆ క్షణంలో పక్కవాడు వచ్చి కాపాడకూడదు. సరిగ్గా అప్పుడే ఆపరేటర్ ఫోన్ మోగి ఎల్‌సీ వచ్చేస్తే కథ చచ్చిపోతుంది. బృహన్నల ఉత్తరుణ్ణి పట్టుకొచ్చాడు, యుద్ధం ఆయనే చేశాడు, నిజమే, కానీ సభలో నిజం చెప్పమని ఎవరూ ఉత్తరుడి మెడ మీద కత్తి పెట్టలేదు. సాయం ముందు రావచ్చు, తర్వాత రావచ్చు, ఆ ఒక్క క్షణంలో మాత్రం హీరో ఒంటరిగా ఉండాలి.

ఆరో మెట్టు: మర్నాడు

పెద్ద సీన్ తర్వాత బలహీనత మాయమైపోతే, అది జ్వరంలా వచ్చి పోయినట్టు ఉంటుంది. మర్నాడు రాయండి. మల్లేశం మామ నెలరోజులు మాట్లాడలేదు. శ్రీను ఆ ఇంటి ముందునుంచి వెళ్లేటప్పుడు బండి స్లో చేస్తాడు, అరుగు మీద ఆయన ఉంటే తల తిప్పుకుంటాడు. ఒకరోజు ఇంకెవరో ఆదివారం పూట ఫ్యాన్ రిపేర్‌కి పిలిస్తే, జ్వరంతో ఉండి కూడా "వస్తున్నా" అంటాడు. అవును, మళ్లీ అన్నాడు. ఫ్యాన్ దగ్గర కాదనలేడు, స్తంభం దగ్గర మాత్రం అనగలడు. మనుషులు అంతే మారతారు, ఆ కొంచెమే చాలా పెద్దది.

ఆడపాత్రలు రాసేటప్పుడు

ఇది విడిగా చెప్పాలనిపించింది ఎందుకంటే ఇక్కడ మనందరం ఒకే గుంటలో పడుతున్నాం. ఆడమనిషి ముఖ్యపాత్ర అయితే బలహీనత అంటే అమాయకత్వం, వీరత్వం అంటే ఓర్చుకోవడం అని రాసేస్తున్నాం. ఓర్పు ఒక్కోసారి భయానికి ఇంకో పేరు. పై మెట్లన్నీ ఆమెకీ అలాగే వెయ్యండి. ఆమె తప్పు వల్ల ఇంకొకరికి నష్టం జరగనివ్వండి, ఆ తప్పు ఆమెదే అవ్వనివ్వండి. ఉదాహరణకి ఒక టీచరమ్మ, తన మాటే నెగ్గాలన్న పట్టుదలతో ఒక పిల్లని పదో క్లాసులో ఆపేయించింది అనుకోండి, పాతికేళ్ల సర్వీసు తర్వాత ఆ పిల్ల ఇంటికి వెళ్లి "నేను తప్పు చేశానమ్మా" అనడం ఆమెకి ఎంత కష్టమో ఆలోచించండి. ఆ నవల నాకు చదవాలనుంది, ఎవరైనా రాస్తే.

చివరి మెట్టు: డ్రాఫ్ట్ తిరగేసేటప్పుడు

ప్రింట్ తీసుకోండి. హీరో బలహీనత వల్ల ఒక నిర్ణయం జరిగిన ప్రతి చోటా ఎర్రపెన్నుతో గీత, దాన్ని దాటిన ప్రతి చోటా పచ్చపెన్నుతో గీత పెట్టండి. యాభై పేజీలు ఎర్రగీత లేకుండా పోతే మీరు హీరోని ప్రేమించేసి కాపాడుతున్నారు. పచ్చగీతలన్నీ చివర్లోనే ఉంటే నాలుగో మెట్టు కట్టలేదు. పచ్చగీత ఉన్న చోట వాడికి ఏమీ పోకపోతే ఆ సీన్ మళ్లీ రాయండి.

తర్వాత ఆ బతుకు తెలిసినవాళ్లకి ఇచ్చి చదివించండి. శ్రీను సీన్ నేను కరెంటు పని చేసే ఒకాయనకి చూపించాను. ఆయన పెళ్లి సీన్ చదివి, మిగతాదంతా బాగానే ఉందిగానీ ఎల్‌సీ వచ్చాక కూడా లైన్‌ని భూమికి కలిపే ఎర్త్ రాడ్ వెయ్యకుండా మీవాడు పైకి ఎక్కకూడదు, ఏ ఇంట్లోంచో జనరేటర్ కరెంటు వెనక్కొస్తే ఏంటి పరిస్థితి, పెళ్లిల్లు అన్నారు కదా, తప్పకుండా జనరేటర్ ఉంటుంది అన్నారు. తెల్లారుజామున సిగ్నల్ దొరికి, ఎల్‌సీ వచ్చాక, ఊరంతా నిద్రపోతుంటే శ్రీను ఒక్కడే ఎర్త్ రాడ్ తగిలించి, ఒకటికి రెండుసార్లు చూసుకుని, అప్పుడు నిచ్చెన ఎత్తే అరపేజీ ఆ రాత్రే కలిపాను.